ధర పడితే పడనీ, ఈఎంఐ కట్టగలమా?

మాది జువ్వలదిన్నె. మా అన్న కావలిలో 40 లక్షల ఇల్లు చూశాడు. "కొన్నాక ధర పడిపోతే?" అని అమ్మ భయం. ఆ భయం ఊరికే రాలేదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే అమరావతిలో స్థలాల ధరలు పడిపోయాయి కదా!

లెక్క చూద్దాం. మన డబ్బు 10 లక్షలు, అప్పు 30 లక్షలు. ధర 25 శాతం పడితే ఇల్లు 30 లక్షలే. అప్పు మాత్రం తగ్గదు. అంటే మన 10 లక్షలూ కాగితం మీద సున్నా. అమ్మితేనే అది నిజమైన నష్టం.

8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 26,035 రూపాయలు. జీతం ఆగినా అది కట్టగలిగితే, ధర ఎంత పడినా ఆ ఇంట్లోనే ఉండొచ్చు. కట్టలేకపోతే పడిన ధరకే అమ్ముకోవాలి.

అందుకే అన్నకు చెప్పా: ముందు ఆరు ఈఎంఐలు, అంటే 1.56 లక్షలు, విడిగా దాచు. అడ్వాన్సు ఆ తర్వాతే.