ఈశాన్యపు ఆకాశము
(బేగంపేట విమానాశ్రయమును గూర్చి యొక పాఠము)

అమీరుపేట కూడలిలో గాని, పంజగుట్టలో గాని నిలిచి ఉత్తర ఈశాన్యములుగా చూచినచో, రెండు మూడు కిలోమీటర్ల దూరమున నొక విశాలమైన మైదానము కలదు. నడుమ మేడలు అడ్డుపడుటచే అది మనకు కనబడదు. అదియే బేగంపేట విమానాశ్రయము. 2008వ సంవత్సరమునకు పూర్వము ఈ పేటలలో పెరిగిన తలిదండ్రుల నడుగుడు. విమానము పోవునంతసేపు మాట యాపి, ధ్వని తగ్గిన పిదప మరల నందుకొనుట తమకు అలవాటై యుండెనని చెప్పుదురు.

ఏడవ తరగతి బాలిక యొకతె నన్ను రెండు ప్రశ్నలడిగెను. "అయ్యా, అంత పెద్ద బాట యుండగా ప్రయాణికుల విమానములు అక్కడికి ఎందుకు రావు?" అనునది మొదటిది. "ఆడపిల్ల విమానము నడపవచ్చునా?" అనునది రెండవది. ఈ రెండింటికిని ఆ మైదానపు చరిత్రమునందే సమాధానము కలదు గనుక, ఆమె కొరకును మీ యందరి కొరకును ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

1. రైలు, బస్సు, విమానము

బేగంపేట విమానాశ్రయము నిజాము ప్రభుత్వకాలమున, 1930ల దశకములో ఏర్పడినది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటాగారు కరాచీనుండి బొంబాయికి తపాలా విమానమును తామే నడిపి, టాటావారి విమాన తపాలాకు నాంది పలికిరి. ఆ యేటనే నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. నేటి మన ఆర్టీసీ బస్సులకు మూలము ఆ శాఖయే. పట్టాలపై రైలును, బాటపై బస్సును నడిపిన ఆ సంస్థయే, 1945లో టాటావారితో కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ అను కంపెనీని స్థాపించినది. బేగంపేటయే దానికి నిలయము. 1946లో దాని విమానములు రాకపోకలు మొదలిడెను. మద్రాసు, బెంగుళూరు, నాగపూరు, ఢిల్లీ మున్నగు పట్టణములకు అవి పోవుచుండెను. 2003లో బెంగుళూరునుండి బయలుదేరిన ఎయిర్ డెక్కన్ వేరొక కంపెనీ. పేర్లు దగ్గరగా నున్నవని రెండింటిని ఒకటిగా భావింపరాదు.

దక్కన్ ఎయిర్‌వేస్ వారి విమానములు డకోటాలు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యమునకు అక్కరలేని డకోటాలు చవుకగా దొరికెను. అందుచే మన దేశమున అనేక కంపెనీలు ఒక్కమారుగా పుట్టెను. అయితే విమానములు పెరిగినంత త్వరగా ప్రయాణికులు పెరుగలేదు. నష్టములు వచ్చెను. 1953లో ప్రభుత్వమువారు చట్టము చేసి, దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది కంపెనీల దేశీయ విమానములను ఇండియన్ ఎయిర్‌లైన్స్ అను ఒకే సంస్థ క్రిందికి తెచ్చిరి. మన నగరపు చిన్న కంపెనీ ఆ విధముగా పెద్దదానిలో కలిసిపోయెను.

2. ప్రేమ్ మాథుర్‌గారు

ఇప్పుడు రెండవ ప్రశ్నకు సమాధానము. 1947లో ప్రేమ్ మాథుర్ అను యువతి వాణిజ్య విమానములు నడపుటకు అనుమతి పత్రమును సంపాదించిరి. ఉద్యోగము కొరకు ఎన్నో కంపెనీల తలుపులు తట్టిరి. స్త్రీ నడపు విమానమెక్కుటకు ప్రయాణికులు జంకుదురని వారు నిరాకరించిరి. ఆమెకు చోటిచ్చినది హైదరాబాదునందలి దక్కన్ ఎయిర్‌వేసే. మన దేశమున వాణిజ్య విమానము నడపిన మొదటి స్త్రీ ఆమెయే. 1949లో జాతీయ విమాన పందెమునందు పురుషులతో పోటీపడి గెలిచిరి. అయినను, సహాయ చోదకురాలిగానే గాని ప్రధాన చోదకురాలిగా కూర్చుండు అవకాశము ఆమెకు ఈ కంపెనీలో లభింపలేదు. తలుపు తెరచినవారే దానిని సగము తెరచిరి. ఈ సంగతిని దాచక చెప్పుట మన ధర్మము. తలుపు మిగిలిన సగము తెరచుట తరువాతి తరములవారికి మిగిలిన పని.

3. ఖాళీ కుర్చీ లెక్క

చిన్న కంపెనీలు ఏల నిలువలేకపోవుచున్నవి? ఒక చిన్న లెక్క చూడుడు. డెబ్బది కుర్చీలుగల విమానము ఒకమారు పోయివచ్చుట కాదు, పోవుటకే 1,40,000 రూపాయలు ఖర్చగుననుకొందము. టిక్కెట్టు 2,500 రూపాయలు. ఖర్చు రాబట్టుటకు 56 మంది కావలెను. నలుబదిమందే వచ్చినచో 1,00,000 మాత్రమే వచ్చును. పోయిన ప్రతిమారును 40,000 నష్టము. విమానము నిండినను ఖాళీగా నున్నను ఇంధనము, జీతములు, మరమ్మతులు ఇంచుమించుగా నంతే యగును గదా! సంతలో అమ్ముడుపోని వంకాయ సాయంత్రమునకు సగము వెలకైనను పోవును. ఎగిరిపోయిన విమానమునందలి ఖాళీ కుర్చీకి కానియైనను రాదు.

1981లో చిన్న పట్టణముల కొరకు వాయుదూత్ అను సంస్థ పుట్టెను. పంతొమ్మిది కుర్చీల డోర్నియర్ విమానములను అది నడిపెను. నష్టముల పాలై 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయెను. 2015లో మన హైదరాబాదునుండియే ట్రూజెట్ బయలుదేరెను. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకము క్రింద మొదటి విమానములు ఎగిరినప్పుడు, సిమ్లా ఢిల్లీ విమానముతో పాటు కడప హైదరాబాదు, నాందేడు హైదరాబాదు విమానములు కూడ నుండెను. ఈ పథకమున సగము కుర్చీలకు తక్కువ వెల నిర్ణయించి, లోటును మూడేండ్లపాటు ప్రభుత్వము పూరించును. ఆ పిమ్మట బాట తన కాళ్లపై తాను నిలువవలెను. 2022లో ట్రూజెట్ విమానములు ఆగిపోయెను. ఒక కంపెనీ పోవుట వార్తాపత్రికలో రెండు పంక్తులు. కడపలోని రోగికి మాత్రము అది ఒక గంట ప్రయాణము మరల రాత్రియంతయు సాగు ప్రయాణమగుట. కావున ఈ లెక్క వర్తకులకు మాత్రమే సంబంధించినది కాదు.

4. బాట చెప్పు సంగతులు

బేగంపేట బాట పొడవు 3,231 మీటర్లు. దాని రెండు కొనలపై 09, 27 అను అంకెలుండును. దిక్సూచిలోని 90, 270 డిగ్రీలను పదిచే భాగింపగా వచ్చినవే యవి. అనగా బాట తూర్పు పడమరలుగా నున్నది. విమానము గాలికి ఎదురుగా ఎగురును, ఎదురుగానే దిగును. వానకాలపు పడమటి గాలిలో విమానములు సికింద్రాబాదు వైపునుండి వచ్చి దిగును. తూర్పు గాలి వీచునప్పుడు సనత్‌నగర్ వైపునుండి వచ్చును. మనము బాటకు దక్షిణముగా నుండుటచే విమానము ప్రక్కవాటుగా కనబడును. గుర్తించుటకు ఇదియే మేలైన చోటు.

గుర్తించునప్పుడు వరుసగా మూడు ప్రశ్నలు వేసికొనుడు. రెక్కలు పైనున్నవా, క్రిందనున్నవా? యంత్రములెన్ని? తోక యెట్లున్నది? డకోటాకు రెక్కలు క్రింద. నేలపై నిలిచినప్పుడు తోక వంగి యుండును. ఏ.టి.ఆర్. విమానమునకు రెక్కలు పైన. తోక ఆంగ్లపు 'టీ' అక్షరము వలె నుండును. పూర్వము ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఫోకర్, ఆవ్రో విమానములు రెండును రెండు పంకాలవే. కాని ఫోకర్ రెక్కలు పైన, ఆవ్రో రెక్కలు క్రింద. మన దేశపు విమానములపై 'వీటీ' అను గుర్తును, దాని వెంట మూడక్షరములును ఉండును.

5. ఇక మొదటి ప్రశ్న

బాట చెడిపోయి విమానములు మానలేదు. నగరము పెరిగి బాటను నలువైపుల చుట్టుముట్టెను. పొడిగించుటకు చోటు లేకపోయెను. 2008 మార్చి 23న శంషాబాదులో క్రొత్త విమానాశ్రయము తెరువబడినంతనే, ఇచ్చట సామాన్య ప్రయాణికుల రాకపోకలు నిలిచెను. కాని బేగంపేట మూగవోలేదు. వాయుసేన స్థావరము, విమాన విద్యాశాల అచ్చట కలవు. ప్రముఖుల విమానములు దిగుచుండును. 2024 జనవరిలో వింగ్స్ ఇండియా ప్రదర్శనము అక్కడనే జరిగెను. ఓరుగల్లు చెంతనున్న మామునూరు బాటపై 1981లో విమానములు ఆగినవి. దానిని మరల తెరచుటకు 2025లో కేంద్ర ప్రభుత్వము అనుమతి నిచ్చెను. నిద్రించిన బాట మేల్కొనుట అసాధ్యము కాదు.

అభ్యాసములు

(1) ఒక నెలపాటు మీ మేడపైనుండి కనబడిన విమానముల తేది, వేళ, దిక్కు, రెక్కల తీరు నోటుబుక్కులో వ్రాయుడు. చూడనిది వ్రాయకుడు. వాయుసేన స్థావరము గనుక గోడలయొద్దకు పోయి ఛాయాచిత్రములు తీయరాదు. ఆ దరిని గాలిపటములు, డ్రోనులు ఎగురవేయరాదు.
(2) టిక్కెట్టు 2,000 రూపాయలైనచో, పై లెక్కలో ఎందరు ప్రయాణికులు కావలెను?
(3) 26 ఆంగ్లాక్షరములతో మూడక్షరముల గుర్తులెన్ని ఏర్పడును? (17,576 వచ్చినచో మీ గుణకారము సరియే.)
(4) 2008కి ముందు విమానధ్వని విన్న పెద్దవారి నొకరిని అడిగి, వారి మాటలలోనే పది పంక్తులు వ్రాయుడు.

మొదటి నోటుబుక్కు ఆ ఏడవ తరగతి బాలికయే తెచ్చి చూపినది. అందు తొలిపుటలో ఒక్క వాక్యము: "నేడు విమానము రాలేదు. పడమటి గాలి వీచినది." లేనిదానిని లేదని వ్రాసిన ఆ చేతికి, ఏనాడైనను ప్రధాన చోదకురాలి పీఠము తగునని నా నమ్మకము.