లాగే ముందు కొలుచుకో

హనుమకొండ,
ఆదివారం రాత్రి

చి. అమ్మడుకి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఫోను కట్టయిన వెంటనే మీ నాన్న చేశాడు. "పిల్లకి పిక్కలు పట్టేశాయట, ఏ నూనె పంపమంటావ్ అక్కా?" అని. పంపమన్నాను. నూనె రాసుకుంటే హాయిగా ఉంటుంది, నిద్ర పడుతుంది. అంతే, కీలు మాత్రం ఒక్క డిగ్రీ కూడా ఎక్కువ వంగదు. హాస్టల్లో ఫోను ఎంతసేపు ఇస్తారో తెలుసు కాబట్టి మిగతాది ఉత్తరంలో రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో, మీ గదిలో పరిగెత్తే పిల్లలందరికీ వినిపించు.

నువ్వు చెప్పినవాటిలో రెండు మాటల దగ్గర నేను ఆగాను. గొంతుక్కూర్చుంటే మడమలు లేచిపోతున్నాయన్నావు. సీనియర్ అక్కలు రోజూ నీ కాలి బొటనవేళ్లు వెనక్కి విరిచి లాగుతున్నారన్నావు. ఈ రెండోది రేపటి నుంచి మాన్పించు. వాళ్లని ఏమీ అనకు, పాపం మంచికనే చేస్తున్నారు. కానీ ఎక్కడ పట్టేసిందో, ఎందుకు పట్టేసిందో చూడకుండా ఏ కీలునీ లాగకూడదు.

ఆ వేలు నీకు చేసిపెడుతున్న పనేమిటో ముందు చూడు. అడుగు వదిలే ఆఖరి క్షణంలో మడమ లేచిపోయి, ఒంటి బరువు ఎక్కువగా బొటనవేలి మొదట్లో ఉన్న కీలు మీదికి వస్తుంది. వేలు నేలమీదే ఉంటుంది, పాదం దాని మీదుగా లేస్తుంది. మామూలు నడకకే ఆ కీలు 40 డిగ్రీల పైన వంగాలి. స్టార్టింగ్ బ్లాక్స్‌లో కూర్చోవాలన్నా, 200 మీటర్లు పరిగెత్తాలన్నా ఇంకా ఎక్కువ కావాలి. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా గట్టి పట్టీ ఒకటి ఉంది. వేలు పైకి వంగినప్పుడు ఆ పట్టీ బావి గిలకకు తాడు చుట్టుకున్నట్టు కీలు చుట్టూ బిగుసుకుంటుంది. దాంతో అరికాలి వంపు పైకి లేస్తుంది, అప్పటిదాకా మెత్తగా ఉన్న పాదం గట్టిపడి నేలని తన్నగలుగుతుంది. హిక్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు 1954లోనే ఇదంతా వివరించాడు. నువ్వు చదవక్కర్లేదు. లేచి నిలబడి, స్నేహితురాలిని నీ బొటనవేలు చేత్తో పైకెత్తమను. వంపు లేవడం నీ కళ్లకే కనిపిస్తుంది.

వేలు వంగకపోతే పరుగు ఆగిపోతుందా? ఆగదు, అసలు చిక్కంతా అక్కడే. ఒళ్లు ఆ కదలికని ఇంకోచోట అప్పు తెచ్చుకుంటుంది. పాదం బయటికి తిరిగి, వేలి లోపలి అంచు మీదుగా దొర్లుతూ వెళ్తుంది. అందుకే ఆ అంచున చర్మం కాయ కాస్తుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్ని నేను ముందు అడిగేది పాత బూట్లు. కొత్తవి వేసుకుని వస్తే ఇంటికి పంపి పాతవి తెప్పిస్తాను. వేళ్ల దగ్గర బూటు పైభాగం మీద పడే మడత చూడు. బొటనవేలు బాగా వంగుతుంటే ఆ మడత దాదాపు అడ్డంగా పడుతుంది. వంగకపోతే చిటికెన వేలి వైపుకి ఏటవాలుగా జారుతుంది. తర్వాత అడుగు తిప్పి, రెండు బూట్లూ పక్కపక్కన పెట్టి, అరుగుదల ఒకేలా ఉందో లేదో చూడు. అమ్మానాన్నలు చెప్పలేనివి కూడా బూట్లు చెప్పేస్తాయి.

చీలమండ సంగతీ ఇంతే. పాదం నేలమీద ఉండగా ముంగాలు దాని మీదుగా ముందుకు వాలాలి. వాలకపోతే మడమ తొందరగా లేచిపోతుంది. లేదంటే అరికాలి వంపు లోపలికి కుంగి, వెంట మోకాలినీ లోపలికి లాగుతుంది. మోకాలి నొప్పని వచ్చినవాళ్ల చీలమండలు కూడా నేను పట్టి చూసేది అందుకే.

గొంతుక్కూర్చోలేకపోతున్నానని బెంగపడకు. మీ నాయనమ్మ ముసలితనంలో కూడా మడమలు నేలకి ఆనించి గంటసేపు అంట్లు తోమేది, అది జన్మంతా ఉన్న అలవాటు. నువ్వు కమోడూ కుర్చీలతో పెరిగావు. పైగా ఆ కూర్చోవడంలో తుంటి, తొడ ఎముక పొడవు, నడుము అన్నీ కలుస్తాయి. మడమ లేచినంత మాత్రాన తప్పు చీలమండదే అనలేం. గోడ పరీక్ష చేసుకో, అది చీలమండనొక్కదాన్నే చూస్తుంది.

చెప్పుల్లేకుండా గోడకి ఎదురుగా నిలబడు. ఒక పాదం ముందుకి పెట్టు, బొటనవేలూ మడమా గోడకి లంబంగా ఒకే గీతలో ఉండాలి. మడమ కింద చిన్న కాగితం ముక్క పెట్టి, దాని కొస స్నేహితురాలి చేతికివ్వు. ఇప్పుడు మోకాలు వంచి గోడకి తాకించు. తాకితే పాదం కొంచెం వెనక్కి జరిపి మళ్లీ తాకించు. కాగితం ఊడి వచ్చిందంటే మడమ లేచినట్టే, ఆ కొలత చెల్లదు. మోకాలు నీ రెండో వేలి మీదుగా వెళ్లాలి. లోపలికి జారి తాకితే అదీ చెల్లదు, అది అందరూ చేసే దొంగాట. మడమ లేవకుండా తాకగలిగిన ఆఖరి చోట వేలికీ గోడకీ మధ్య దూరం స్కేలుతో కొలువు. 10 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటే బాగున్నట్టే. అంతకన్నా ముఖ్యం, రెండు కాళ్లకీ 2 సెంటీమీటర్లకి మించి తేడా ఉంటే నాకు చెప్పాలి.

అంకెతో పాటు ఇంకోటి రాసిపెట్టుకో: ఆఖర్న ఎక్కడ పట్టినట్టుంది? వెనక పిక్కలో లాగితే అది కండరం, సాగదీస్తే దారికొస్తుంది. చీలమండకి ముందువైపు నొక్కినట్టు, చిటుక్కుమన్నట్టు ఉంటే అడ్డం పడుతున్నది కీలు. పాత బెణుకు సరిగా మానకపోయినా అలా ఉంటుంది. అక్కడ ఎంత లాగినా నొప్పి పెరగడమే తప్ప లాభం లేదు.

బొటనవేలికీ ఇలాంటి పరీక్షే ఉంది. కుర్చీలో కూర్చుని పాదం నేలమీద ఉంచి, చేత్తో వేలు మెల్లగా పైకెత్తు. జామెట్రీ బాక్స్‌లో మూలమట్టం ఉంటుంది కదా, దాని 60 డిగ్రీల మూల పక్కన పెట్టి చూడు, ఆ దరిదాపుల్లోకి రావాలి. తర్వాత నిలబడి మళ్లీ ఎత్తించుకో. కూర్చుంటే చక్కగా లేచిన వేలు నిలబడితే మొరాయించిందనుకో, కీలు మంచిదే, పాదం మీద బరువు పడే తీరులో ఉంది లోపం. ఆ వేలిని ఎన్నాళ్లు లాగినా ఫలితం ఉండదు. పాదానికీ పిక్కకీ బలం పెంచాలి. కూర్చున్నా లేవకపోతే మాత్రం డాక్టరుకి చూపించాల్సిందే.

లాగడం అంటే నాకెందుకు భయమో కూడా చెప్తా. బొటనవేలి కీలు కింద బఠాణీ గింజంత ఎముకలు రెండున్నాయి, వాటిని పట్టుకుని ఒక గట్టి పొర ఉంది. వేలు ఒక్కసారిగా హద్దు దాటి వెనక్కి విరిగితే ఆ పొర చిరుగుతుంది. అమెరికాలో కృత్రిమ గడ్డి మైదానాల మీద, మెత్తటి బూట్లతో ఆడే ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఇది ఎక్కువ కనిపించి, 1976లో ‘టర్ఫ్ టో’ అని పేరు పెట్టారు. మానడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ఆ దెబ్బ ఆటలో తగిలితే ఏమీ చేయలేం, మంచం మీద కూర్చుని కొనితెచ్చుకోవడం దేనికి?

ఇక నీ వయసు. సంక్రాంతికి కుట్టించిన పరికిణీ దసరాకి పొట్టయిపోయిందని మీ అమ్మ చెప్పింది. ఇలా పొడవు సాగే నెలల్లో ఎముక ముందు పోతుంది, కండరం వెనక నడుస్తుంది. పిక్క బిగుతు చాలావరకు అదే. ఆ బిగుతు మడమ ఎముక వెనక ఇంకా గట్టిపడని ఎదుగుదల భాగాన్ని లాగుతూ ఉంటుంది. మడమని రెండు పక్కలా వేళ్లతో నొక్కి చూడు. కళ్లలో నీళ్లు తిరిగేలా నొప్పెడితే దాన్ని సీవర్స్ అంటారు. 1912లో దీని గురించి రాసిన అమెరికన్ డాక్టరు పేరది. ఎనిమిది నుంచి పదిహేనేళ్ల మధ్య ఆటలాడే పిల్లల్లో మామూలే, ఎదుగుదల పూర్తయ్యాక దానంతటదే పోతుంది. ఈలోగా గెంతులు తగ్గించాలి, బూటులో మడమ కింద మెత్త వేసుకోవాలి. మెట్టు అంచున నిలబడి మడమలు కిందికి వేలాడేసే ఎక్సర్‌సైజు అప్పుడు అస్సలు వద్దు.

నొప్పేమీ లేదు, పిక్క మాత్రమే బిగుతుగా ఉందా, అయితే సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక గోడకి చేతులానించి ముప్పై సెకన్లు సాగదియ్. ఒకసారి మోకాలు నిటారుగా, ఇంకోసారి వంచి. రెండింటికీ లాగే కండరాలు వేరు, చాలామంది రెండోది మర్చిపోతారు. పోటీకి ముందు చాలాసేపు సాగదీయకు, కాలి విసురు తగ్గుతుంది. సాగిన మేరకి బలం కూడా రావాలి. తువ్వాలు చుట్టి వేళ్ల కింద పెట్టుకుని, మెల్లగా మడమలెత్తి, ఇంకా మెల్లగా దించు. బొటనవేలు నేలకి అదిమి మిగతా నాలుగూ ఎత్తడం నేర్చుకో. మొదట్లో ఐదూ కలిసే లేస్తాయి, నవ్వొస్తుంది, పట్టు వదలకు. మీ గదిలో ఒళ్లంతా విల్లులా వంగే పిల్ల ఉందన్నావుగా, ఆ పిల్లకి సాగదీయడం అక్కర్లేదు, ఈ బలం పనులే చాలు.

స్పైక్స్ పరుగుకే వేసుకో. వాటి అడుగు బిరుసు, వార్మప్ అంతా వాటితోనే చేస్తే వేలికి వంగే పనే ఉండదు. ఎదిగే కాలు కదా అని మీ నాన్న రెండు సైజులు పెద్దవి కొనుక్కొస్తాడు, ఒప్పుకోకు. నిలబడినప్పుడు వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ చాలు.

ఒక కాలే ఎప్పుడూ బిగుసుకుంటున్నా, కీలు వాచినా, రాత్రి నొప్పితో మెలకువ వచ్చినా, అదే చీలమండ మళ్లీ మళ్లీ బెణుకుతున్నా ఎక్సర్‌సైజులు ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కొందరికి పాదంలో రెండు ఎముకలు పుట్టుకతోనే అతుక్కుని ఉంటాయి. చిన్నప్పుడు తెలియదు, నీ వయసులోనే బయటపడుతుంది. పాదం చదునుగా, బిర్రుగా ఉండి, మునివేళ్ల మీద లేచినా వంపు రాకపోతే అది చూడాలి. సాగదీసి తగ్గించేది కాదు.

ఈ వారంలో గోడ కొలతలు రెండూ, వేలి పరీక్ష ఫలితాలూ రాసి పంపు. వార్డెన్ మేడమ్‌ని అడిగి నీ బూట్ల ఫోటోలు కూడా నాకు పెట్టించు, పైనా అడుగునా. ఉత్తరం మీ కోచ్ సార్‌కి చూపించు. ఆయన చెప్పేదానికీ నేను రాసినదానికీ ఎక్కడైనా కుదరకపోతే నువ్వు మధ్యలో నలగొద్దు, శనివారం ఫోను ఆయన చేతికే ఇవ్వు, మేమిద్దరం మాట్లాడుకుంటాం.

ఉంటాను,
మీ అత్తయ్య