పికప్ బండి కమాను కట్ట విప్పి బిగించడం ఎలా?

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు పారే బాళగనూరు, సింధనూరు ప్రాంతంలో వరి కోతలయ్యాక రోడ్ల మీద మనకు ఎక్కువగా కనిపించేవి ధాన్యం బండ్లే. అవి పొలం గట్టు నుంచి మిల్లు దాకా క్యాంపు ఊళ్ళ మట్టిదారుల్లోనే నడవాలి. నల్లరేగడి ఎండితే దారి గుంటలు పడుతుంది, తడిస్తే చక్రం దిగబడుతుంది. ఈ దెబ్బలన్నీ మొదట తినేది వెనక చక్రాల మీదున్న కమాను కట్ట. దాన్ని విప్పి, విరిగిన పట్టీ మార్చి, మళ్ళీ బిగించడం ఈ రోజు మనం కలిసి చేద్దాం. ఇంతవరకు పానా పట్టని వాళ్ళయినా ఫరవాలేదు. కాకపోతే మొదటిసారి పని తెలిసిన మనిషి పక్కన ఉండాలి.

ముందు సంగతేమిటో చూద్దాం

బండిలో స్ప్రింగులు చాలా చోట్ల ఉంటాయి. ఇంజను వాల్వులను మూసేవీ, క్లచ్ ప్లేటును నొక్కి పట్టేవీ, బ్రేకు లైనర్లను వెనక్కి లాగేవీ అన్నీ స్ప్రింగులే. బరువు మోసేవి మాత్రం చక్రాల దగ్గరివి, మన కమాను కట్ట వాటిలో ఒకటి. అంబాసిడర్ కారుకు కూడా వెనక ఉండేవి ఈ కమాను కట్టలే. సరుకు బండ్లలో ఇవి ఇంకా నిలబడ్డాయంటే కారణముంది. చుట్టల స్ప్రింగు బరువు మోస్తుంది కానీ ఇరుసును తన చోట నిలిపి ఉంచలేదు, దానికి వేరే కడ్డీలు కావాలి. కమాను కట్ట రెండు పనులూ ఒక్కతే చేస్తుంది.

కట్టలో పైనున్న పొడుగు పట్టీని మెయిన్ పట్టీ అంటాం. దాని రెండు చివర్లూ గుండ్రంగా చుట్టి ఉంటాయి, వాటిలో బుష్షులు కూర్చుంటాయి. కింద ఒకదానికంటే ఒకటి పొట్టి పట్టీలు. పొట్టి పట్టీని విడిగా చూస్తే వంపు కాస్త ఎక్కువుంటుంది. అందుకే బిగించినప్పుడు అవి ఒకదాన్నొకటి గట్టిగా అదుముకుంటాయి. ముందు చివర ఛాసిస్‌కు నేరుగా తగులుకుంటుంది. వెనక చివర షాకిల్ అనే ఊగే లింకుకు వేలాడుతుంది. బరువు పడితే వంపు తగ్గి కట్ట పొడుగవుతుంది కదా, ఆ పొడుగుకు చోటివ్వడానికే షాకిల్ ఊగుతుంది. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే సగం పని వచ్చినట్టే.

కావలసినవి

జాకీలు రెండు, ఛాసిస్ కింద పెట్టే ఇనుప స్టాండ్లు రెండు, చక్రాల కింద అడ్డుపెట్టే చెక్క దిమ్మలు, సాకెట్ పానాలు, పొడవాటి పిడి ఉన్న రాడ్డు, టార్కు పానా, గట్టి సి-క్లాంపులు రెండు, వైరు బ్రష్షు, సుద్దముక్క, టేపు, తుప్పు వదిలించే నూనె, కాస్త కిరసనాయిలు. కొత్తగా కొనాల్సినవి: పట్టీ, సెంటర్ బోల్టు, యు-బోల్టులు, వాటి నట్లు, అరిగితే బుష్షులు. పట్టీ కొనడానికి పాత ముక్కలు రెండూ పట్టుకెళ్ళండి. వెడల్పు, మందం, పొడవు, వంపు నాలుగూ కలవాలి. కళ్ళకు అద్దాలు మరవొద్దు, తుప్పు పొర నేరుగా కంట్లోనే రాలుతుంది.

పద్ధతి

1. ముందు రోజు సాయంత్రమే అన్ని నట్లకూ నూనె పట్టిద్దాం. రాత్రంతా నానితే తెల్లారి సగం బలంతో వదులుతాయి.

2. సరుకు దించేసి, బండిని గట్టి నేల మీద నిలుపుదాం. మట్టి నేలైతే జాకీ కింద మందపు చెక్క తప్పదు. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. హ్యాండ్‌బ్రేకు వేశాం కదా అనుకోకండి. అది పట్టేది వెనక చక్రాలను, మనం లేపబోయేదీ వాటినే.

3. రెండు వైపులా చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకుందాం. ఒక వైపు తగ్గిందంటే ఆ వైపు కట్ట కుంగిందో, పట్టీ విరిగిందో అయి ఉంటుంది.

4. చక్రం నట్లు నేల మీదుండగానే కొంచెం వదులు చేసి, అప్పుడు బండిని లేపుదాం. స్టాండ్లు ఛాసిస్ కింద పెట్టాలి, ఇరుసు కింద కాదు. ఇరుసు మనకు పైకీ కిందికీ కదలాలి, దానికి రెండో జాకీ ఆనించి ఉంచుదాం. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి తల కూడా పెట్టొద్దు. ఇది సలహా కాదు, షరతు.

5. చక్రం తీసి, షాక్ అబ్సార్బరు కింది బోల్టు విప్పుదాం. కొన్ని బండ్లలో ఇరుసు నుంచి బ్రేకు వాల్వుకు ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. బరువును బట్టి వెనక బ్రేకును అదుపు చేసేది అదే. దాన్ని వంచకుండా జాగ్రత్తగా వదిలించండి. ఇరుసు దించేటప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకుంటోందేమో ఒక కన్నేసి ఉంచండి.

6. యు-బోల్టుల నట్లు విప్పి, కింది ప్లేటు తీసి, రెండో జాకీని మెల్లగా దించుదాం. కట్ట కింద పొడుచుకొచ్చిన సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలోంచి బయటికి వస్తుంది. మొదట వెనకనున్న షాకిల్ బోల్టు, తర్వాత ముందు బోల్టు విప్పాలి. కట్ట చాలా బరువు, ఇద్దరు పట్టుకోవాలి.

7. ఇక్కడ తొందరపడొద్దు. విప్పకముందే కట్ట పక్క అంచు మీద, పై పట్టీ నుంచి కింది పట్టీ దాకా ఏటవాలుగా ఒక సుద్దగీత గీద్దాం. ‘ముందు’ వైపు బాణం గుర్తు వేద్దాం. మళ్ళీ పేర్చినప్పుడు గీత తెగకుండా కలిసిందంటే ప్రతి పట్టీ తన చోట తన ముఖంతో కూర్చున్నట్టే. ఒకసారి నేను ఈ గీత గీయలేదు. చాలా కట్టల్లో సెంటర్ బోల్టు సరిగ్గా మధ్యలో ఉండదు, కాస్త ముందుకో వెనక్కో ఉంటుంది. కట్టను తిప్పి బిగించాను. ఇరుసు ఒక వైపు వెనక్కి జరిగి బండి ఎండ్రకాయలా పక్కకు నడిచింది. రోజంతా చేసిన పని రాత్రి లైటు పెట్టుకుని మళ్ళీ చేశాను.

8. సెంటర్ బోల్టుకు అటూ ఇటూ క్లాంపులు గట్టిగా బిగించాకే ఆ బోల్టు నట్టు విప్పాలి. పట్టీలు ఒకదాన్నొకటి అదుముకుని ఉన్నాయని చెప్పుకున్నాం కదా, క్లాంపు లేకుండా విప్పితే ఎగిరి మీద పడతాయి. పక్క క్లిప్పులు తీసి, క్లాంపులను రెండు వైపులా సమంగా, కొంచెం కొంచెంగా వదులుదాం.

9. పట్టీలను వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, పగుళ్ళు వెతుకుదాం. కంటికి కనపడని పగులును పట్టే పాత చిట్కా ఒకటుంది. పట్టీకి కిరసనాయిలు పూసి, కాసేపయ్యాక పొడిగుడ్డతో బాగా తుడిచి, సుద్దపొడి రుద్దండి. పగులులో దాగిన నూనె ఊరి, తెల్లటి పొడి మీద సన్నటి తడి గీతగా తేలుతుంది. సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ, మెయిన్ పట్టీ చుట్టల మొదట్లో ముఖ్యంగా చూడండి. విరిగిన ముఖాన్ని కూడా చదవాలి. కొంత భాగం నల్లగా తుప్పుపట్టి, మిగతాది కొత్తగా మెరుస్తుంటే, పగులు ఎప్పుడో మొదలై మొన్న తెగిందన్నమాట. రంధ్రం దగ్గరే తెగితే యు-బోల్టులు వదులుగా ఉండి ఉంటాయి.

10. కొత్త పట్టీతో కలిపి అన్నీ పేర్చి, సుద్దగీత చూసుకుంటూ క్లాంపులతో దగ్గరికి తెచ్చి, కొత్త సెంటర్ బోల్టు తల ఇరుసు వైపు ఉండేలా బిగిద్దాం. కొత్త పట్టీ మీద గీత ఉండదు, దాన్ని పాత ముక్కల రంధ్రంతో పోల్చి ముందువైపు ఏదో తేల్చుకోవాలి. తర్వాత క్లిప్పులు.

11. ముందు బోల్టు, తర్వాత షాకిల్ పెట్టి నట్లు చేత్తో తిప్పి వదిలేద్దాం. ఇరుసును లేపి సెంటర్ బోల్టు తల గుంటలో కూర్చుందని వేలితో తడిమి చూడాలి. కొత్త యు-బోల్టులను నాలుగు నట్లూ ఎదురెదురుగా, మూడు నాలుగు విడతల్లో బిగిద్దాం. ఎంత బలమన్నది బండి పుస్తకంలో ఉంటుంది, టార్కు పానాతో అంతే పెట్టాలి.

12. షాక్ అబ్సార్బరు, బ్రేకు కడ్డీ తగిలించి, చక్రం ఎక్కించి బండిని దించుదాం. రబ్బరు బుష్షులైతే ముందు బోల్టు, షాకిల్ నట్లు పూర్తిగా బిగించేది బరువంతా చక్రాల మీద పడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే దించగానే రబ్బరు మెలిపడి కొన్నాళ్ళకే చిరుగుతుంది.

అందరూ చేసే పొరపాట్లు

విరిగిన పట్టీకి వెల్డింగు పెట్టించడం. స్ప్రింగు ఉక్కును బాగా కాల్చి నూనెలో ముంచి, మళ్ళీ తగుమాత్రం వేడిచేసి పదును కుదురుస్తారు. వెల్డింగు మంటకు ఆ పదును పోయి, అతుకు పక్కనే మళ్ళీ తెగుతుంది. గ్యాసు మంటతో కాల్చి వంపు తెప్పించడమూ అంతే.

పాత యు-బోల్టులే వాడటం. ఒకసారి సాగినవి మళ్ళీ పట్టు నిలుపుకోవు. అక్కడ నాలుగు రూపాయలు మిగుల్చుకుంటే రంధ్రం దగ్గర పట్టీ తెగి అంతకు పదింతలు అడుగుతుంది.

అన్నిటికంటే పెద్దది మందం పెంచడం. 8 మిల్లీమీటర్ల పట్టీ దొరకలేదని 10 వేస్తారు. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ పట్టీ బిరుసుతనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే ఆ ఒక్క పట్టీ దాదాపు రెండింతలు బిరుసెక్కుతుంది. పక్క పట్టీలు వంగుతుంటే ఇది వంగక భారమంతా నెత్తినేసుకుని ముందు పోతుంది. అదనంగా ఓ పట్టీ వేయించి లోడు పెంచే వాళ్ళదీ ఇలాంటి పొరపాటే. 75 కిలోల బస్తాలు 20 వేస్తే టన్నున్నర. అంతవరకే మోయగల బండికి 40 వేసి కట్టను గట్టిచేస్తే, కమాను విరగదు కానీ దెబ్బ ఛాసిస్‌కూ ఇరుసుకూ బేరింగులకూ వెళుతుంది. కమాను ఉన్నది వంగడానికి. వంగనివ్వని కట్ట వేయించే బదులు ఇంకో ట్రిప్పు వేయండి, డీజిలు ఖర్చు తక్కువే పడుతుంది.

ఇక బండి నడిపి చూద్దాం. మూడో మెట్టులో రాసుకున్న కొలత మళ్ళీ తీసి, రెండు వైపులా పోల్చండి. బ్రేకు రెండు మూడు సార్లు తొక్కి చూడండి. మొదటి లోడు మిల్లులో దించి వచ్చిన సాయంత్రం యు-బోల్టుల నట్లకు మళ్ళీ పానా పెట్టాలి. కొత్త పట్టీ సర్దుకున్నాక ఆ నట్లు కాస్త తిరిగి తీరతాయి.