బాగున్నప్పుడే మాత్ర మరచిపోతాం

రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో పొద్దున్నే దిగే గుంపులో ఎవరి బ్యాగులో ఏముందో మనకు తెలియదు. ల్యాప్‌టాప్ పక్కన మాత్రల స్ట్రిప్ పెట్టుకుని వచ్చేవారూ ఉంటారు. వారిలో క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, అంటే సీఎంఎల్ ఉన్నవారికే ఈ నాలుగు మాటలు.

బ్లడ్ క్యాన్సర్ అనగానే గుండె జారుతుంది. కానీ 2001లో ఇమాటినిబ్ వచ్చాక ఈ జబ్బు చాలామందికి రోజూ మాత్ర వేసుకుంటూ బతికే జబ్బుగా మారింది. మన హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మా 2003లోనే దాన్ని చవకగా తెచ్చింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇమాటినిబ్ అసలు బ్రాండ్ అయిన గ్లివెక్ పేటెంటు వాదనను కొట్టేయడంతో ఆ చవక మందు మనకు దక్కింది.

మందు చేతికొచ్చింది. వేసుకోవడం మన వంతు.

చిక్కంతా ఇక్కడే. ఒంట్లో బాగుంటుంది, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఒత్తిడి ఉంటుంది, మాత్ర మరుపున పడుతుంది. లండన్‌లో మాత్రల సీసా మూత తెరిచిన ప్రతిసారీ నమోదు చేసే చిప్ పెట్టి 87 మందిని గమనించారు. 2010లో ఫలితాలు వచ్చాయి. పదింట తొమ్మిదికి మించి మాత్రలు వేసుకున్నవారిలో అత్యధికులకు జబ్బు బాగా అణిగింది. అంతకంటే తగ్గినవారిలో మూడో వంతుకు కూడా ఆ ఫలితం దక్కలేదు. చదువులో తొంభై మార్కులొస్తే సంబరం. ఇక్కడ తొంభై అంటే నెలకు మూడు మాత్రలు పోయినట్టే!

మాత్రను భోజనంతో ముడివేయండి. షిఫ్టు మారినా భోజనం తప్పదు. ఇమాటినిబ్‌ను తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. వేరే మందైతే నియమం వేరు, డాక్టర్‌ను అడగండి.

పీసీఆర్ తేదీని వాయిదా వేయకండి. జబ్బు ఎంత మిగిలిందో కొలిచే ఈ రక్తపరీక్ష మొదట్లో మూడు నెలలకోసారి ఉంటుంది. మూడో నెలకు 10 శాతం, ఆరో నెలకు 1 శాతం, ఏడాదికి 0.1 శాతం, ఆ లోపుకు దిగితే దారి బాగున్నట్టు. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించండి, పోల్చి చూడటం తేలిక.

దాచకండి. కండరాలు పట్టేస్తున్నా, కళ్ల కింద ఉబ్బుతున్నా మౌనంగా మాత్ర మానేయకుండా డాక్టర్‌కు చెప్పండి. ఆయుర్వేదం వాడుతున్నా, పిల్లల గురించి ఆలోచిస్తున్నా ముందే చెప్పండి.

సొంతంగా ఆపకండి. ఏళ్ల తరబడి జబ్బు లోతుగా అణిగి ఉన్న కొందరికి డాక్టర్లే మందు ఆపి, దగ్గరుండి గమనిస్తారు. అలా ఆపినా దాదాపు సగం మందిలో జబ్బు తిరిగి కనిపిస్తుంది, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. వెంటనే పట్టుకుంటే మందుతో మళ్లీ అణుగుతుంది. పట్టుకునేది ఆ పీసీఆర్ పరీక్షే.

రిపోర్టులో తగ్గిన ప్రతి అంకె వెనుకా మీరు మరచిపోకుండా వేసుకున్న మాత్రలున్నాయి. ఈ రోజు మాత్రను కూడా వాటికి కలపండి.