మోటారుకారు అద్దమునకు పట్టు మంచు

చలికాలమున తెల్లవారుజామున లంబసింగి, అరకు ప్రాంతములకు కారులో పోవువారికి ముందరి అద్దము పాలవలె తెల్లబడి దారి కనబడకుండుట తెలిసినదే. ఘాటురోడ్డుపై క్షణకాలము దారి కనబడకున్నను ప్రమాదమే. కావున ఈ విషయమును గూర్చి కొంత వ్రాయుచున్నాము.

చన్నీళ్లు పోసిన చెంబునకు వెలుపల చెమటపట్టుటను మనము నిత్యము చూచుచున్నాము. కారులో నలుగురు కూర్చుండి ఊపిరి విడుచుచుండగా, అందలి నీటియావిరి చల్లని అద్దమునకు లోపలివైపున అట్లే బిందువులై పట్టును. గుడ్డతో తుడిచినను మరల పట్టును. అద్దము వెచ్చబడవలెను, లేదా లోపలి గాలి పొడిగా నుండవలెను.

పెట్రోలు, డీసెలు కారులలో ఇంజను వేడిని గ్రహించిన నీరు ఒక చిన్న రేడియేటరు గుండ పోవును. పంకా దానిమీదుగా గాలిని తోలును. ఆ గాలి అద్దము క్రిందనున్న సందుల గుండ పైకి వచ్చును. ఏ.సి. యంత్రము గాలిలోని తేమను తీయును గనుక చలిలోను దానిని వేడిగాలితో కలిపి వాడుట మంచిది. లోపలి గాలినే మరల మరల త్రిప్పు మీటను మాత్రము వేయరాదు. మన ఊపిరితేమ లోపలనే నిలిచిపోవును.

పంకా మిక్కిలి వేగముననే తిరిగి, తక్కువ వేగములలో తిరుగకున్నచో మోటారును నిందింపరాదు. పలు కారులలో తక్కువ వేగములకు విద్యుత్తు రెసిస్టరు అను నిరోధపు తీగచుట్టల గుండ పోవును; పూర్తి వేగమునకు వాటితో పనిలేక సరాసరి మోటారునకు చేరును. చుట్ట కాలిపోయిన, మిగిలినది ఆ కడపటి వేగమే. ఓము నియమమును చదివిన విద్యార్థులకు ఇది సులభముగా బోధపడును. ఆ చుట్టలను చల్లార్చునది పంకా గాలియే గనుక, జల్లెడలో ఆకులు, దుమ్ము నిండి గాలి తగ్గినను అవి కాలును. జల్లెడను చూడక క్రొత్త రెసిస్టరును మాత్రము వేసినవారు మరల డబ్బు చెల్లింపవలసి రావచ్చును.

పంకా బొత్తిగా తిరుగనియెడల మొదట ఫ్యూజును చూడవలెను. అది పలుమారులు కాలిన, అంతకంటె పెద్ద ఫ్యూజును వేయుట కారునకు నిప్పు పెట్టుటతో సమానము.

గాలి బాగుగా వచ్చియు చల్లగానే యున్న, ఇంజను నీరు తగ్గియుండును, లేదా థర్మోస్టాటు తెరచుకొని నిలిచిపోయియుండును. ఇంజను వేడిగానున్నప్పుడు రేడియేటరు మూతను తీయరాదు. మరిగిన నీరు ముఖముపైకి చిమ్మును. అద్దముపై జిడ్డుపొర, కారులో తీపివాసన కనబడిన, చిన్న రేడియేటరు కారుచున్నదని అనుమానించి మెకానికునకు చూపవలెను.

మన కోస్తా ప్రాంతమున వానకాలమందు దీనికి విపరీతముగా జరుగును. ఏ.సి. గాలి తగిలి చల్లబడిన అద్దమునకు వెలుపలి తడిగాలి తాకి, మంచు బయటివైపున పట్టును. లోపల ఎంత తుడిచినను పోదు. వ్రేలితో లోపల రాచి చూచిన ఏ వైపుననున్నదో తెలియును. బయటనున్నచో వైపరుతో తుడిచి, చల్లగాలిని అద్దమునుండి మరలించిన చాలును.