కొండ దిగేటప్పుడు మోకాళ్ల నొప్పి

ప్రశ్న: మాది కనగానపల్లి. అనంతపురంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. సెలవుల్లో పెనుకొండ కోట కొండ ఎక్కుతుంటాను. సగం దూరానికే ఆయాసం వస్తోంది. దిగేటప్పుడు మోకాళ్ల నొప్పి. హిమాలయాలకు వెళ్లాలన్న కోరిక నెరవేరుతుందా?

- ఒక విద్యార్థి

జవాబు: తప్పకుండా నెరవేరుతుంది. పర్వతారోహకురాలు మలావత్ పూర్ణ సాధన మొదలుపెట్టింది భువనగిరి గుట్టపైనే. 2014 మే 25న, పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది.

మీ ఆయాసానికి కారణం తొందరపాటు కావచ్చు. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగంతోనే ఎక్కండి. వారానికి నాలుగు రోజులు గంటసేపు చురుగ్గా నడవండి. హాస్టల్ మెట్లు ఎక్కి దిగండి. నెల తర్వాత వీపు సంచిలో రెండు నీళ్ల సీసాలు వేసుకుని అదే సాధన చేయండి. దిగేటప్పుడు మోకాళ్లు కాస్త వంచి, చిన్న అడుగులు వేయాలి. చేతికర్ర ఉంటే భారం తగ్గుతుంది. నొప్పి రెండు వారాలైనా తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి.

మన సీమ ఎండలో బండలు త్వరగా కాగిపోతాయి. తెల్లవారగానే బయలుదేరి, పది గంటలకల్లా కిందికి వచ్చేయండి. చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే కొండలకు ఒంటరిగా వెళ్లకండి.

హిమాలయాల పలచని గాలికి అలవాటుపడటం మాత్రం ఇక్కడ కుదరదు. 3,000 మీటర్లు దాటాక, రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. తలనొప్పితో పాటు వాంతులైతే ఇంకా పైకి వెళ్లకండి. తగ్గకపోతే వెంటనే కిందికి దిగాలి. పద్ధతిగా నేర్చుకోవాలంటే ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో 28 రోజుల ప్రాథమిక కోర్సు ఉంది. పరీక్షల తేదీలు చూసుకుని ముందుగానే దరఖాస్తు చేసుకోండి.