ఛాతీ నొప్పి: మొదటి ఆరు గంటలు



మన సొసైటీ ప్రత్యేక సంచికలో ఏటా చదువు గురించి ఒక వ్యాసం, ఆరోగ్యం గురించి ఒక వ్యాసం ఉండటం ఆనవాయితీ. ఈసారి ఆరోగ్యం నా వంతుకు వచ్చింది. నేను డాక్టరును కాను. పదో తరగతి పిల్లలకు గుండె బొమ్మను నల్లబల్ల మీద వేసి చూపించే జీవశాస్త్రం మాస్టారిని. కాబట్టి ఇందులో మందుల చీటీ వెతకవద్దని మనవి. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి ఆసుపత్రిలో ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, మీరిచ్చే డబ్బు అందులో ఏ దశలో పనికొస్తుంది అన్నంతవరకే నా పాఠం.

పిల్లలు ప్రతి ఏడూ అడిగే ప్రశ్న ఒకటుంది. "గుండె నిండా రక్తమే కదా సార్, మరి దానికి రక్తం అందకపోవడం ఏమిటి?" మంచి ప్రశ్నే. బ్యాంకు క్యాషియర్ చేతుల మీదుగా రోజూ లక్షలు పోతుంటాయి, కానీ అతని ఇల్లు గడిచేది నెల జీతంతోనే. గుండె సంగతీ అంతే. దాని గదుల్లోంచి పోయే రక్తం ఒళ్లంతటికీ చెందింది. గుండె కండరానికి ఆహారం అందించేవి దాని మీద తీగల్లా పాకిన కరోనరీ ధమనులు. 13వ శతాబ్దంలో డమాస్కస్ ప్రాంతంలో పుట్టి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్-నఫీస్ ఈ సంగతి రాసి పెట్టాడు. గుండెకు పోషణ గదిలోని రక్తం నుంచి కాదు, కండరంలో పరుచుకున్న నాళాల ద్వారా అందుతుందన్నాడు. ఆయన తన ఇంటినీ పుస్తకాలనూ కైరోలోని మన్సూరీ ఆసుపత్రికి ఇచ్చి వెళ్లాడు. వక్ఫ్ అనగానే షాపుల అద్దెలే గుర్తొచ్చే మనకు ఈ మాట కూడా తెలిసి ఉండటం మంచిది.

ఈ ధమనుల లోపలి గోడకు ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు ఆ కొవ్వు పొర చిట్లుతుంది. చిట్లిన చోట, వేలు తెగినప్పుడు కట్టినట్టే, రక్తం గడ్డ కడుతుంది. వేలి మీద గడ్డ మనల్ని కాపాడుతుంది, ధమనిలో గడ్డ దారి మూసేస్తుంది. దారి మూసుకున్న 20 నిమిషాలకు ఆ నాళం మీద ఆధారపడిన కండరం చనిపోవడం మొదలవుతుంది. ఆరు గంటలు గడిచేసరికి అందులో చాలా భాగం పోతుంది. చనిపోయిన గుండె కండరం మళ్లీ పెరగదు, ఆ చోట మచ్చ మిగులుతుంది.

ఆరు గంటలు అని ఊరికే అనలేదు. మన దేశంలో 50 నగరాల్లోని 89 ఆసుపత్రుల నుంచి 20,468 మంది రోగుల వివరాలు సేకరించిన క్రియేట్ అధ్యయనం 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి గడప తొక్కడానికి పట్టిన సమయం అందులో 360 నిమిషాలు. ఇది సగటు కాదు, మధ్యస్థం; అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువే పట్టింది. గడప తొక్కాక గడ్డ కరిగించే మందు పడటానికి మాత్రం 50 నిమిషాలే. ఆలస్యం ఎక్కువగా ఎక్కడ జరుగుతోందో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

అదే అధ్యయనంలో దాతలు తెలుసుకోవలసిన మాట మరొకటి ఉంది. 30 రోజుల లోపు చనిపోయినవారు పేదల్లో 8.2 శాతం, సంపన్నుల్లో 5.5 శాతం. యాంజియోప్లాస్టీ పేదల్లో 2 శాతానికి జరిగితే సంపన్నుల్లో 15.3 శాతానికి జరిగింది. కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర పేదల్లో 36 శాతానికి, సంపన్నుల్లో 61.2 శాతానికి అందింది. మరి పేదవాడి రోగం ముదిరి ఉండటం వల్ల చనిపోయాడా? పరిశోధకులు ఆ లెక్కా వేశారు. రోగుల ఆరోగ్య స్థితిలోని తేడాలను సరిచేసి చూసినా మరణాల తేడా పోలేదు. అందిన చికిత్సలోని తేడాను సరిచేసి చూస్తే పోయింది. పేదవాడి గుండె వేరు కాదు, అతనికి అందిన వైద్యం వేరు. ఇవి ఆరోగ్యశ్రీ రాకముందు లెక్కలు. 2007లో ఆ పథకం వచ్చాక ఆపరేషన్ల విషయంలో చాలా మారింది. కానీ మొదటి గంటల విషయంలో, ఆ తర్వాతి నెలల విషయంలో మనం చేయవలసింది ఇంకా మిగిలే ఉంది.

మొదటి గంటలు ఎందుకు పోతాయి? గ్యాస్ అనుకోవడం వల్ల. ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు బరువు, బిగపట్టినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు, వాంతి వచ్చేలా ఉండటం - ఇవి గుండెపోటు గుర్తులు. వీటిలో వాంతి, పై కడుపు బరువు అజీర్తిలోనూ ఉంటాయి కాబట్టి సోడా, వాము, ఈనో వరుసగా వస్తాయి. షుగరు ఉన్నవారిలో, ఆడవాళ్లలో, పెద్ద వయసువారిలో అసలు నొప్పే సరిగా తెలియకపోవచ్చు. ఆయాసం, నీరసం, చెమట మాత్రమే ఉంటాయి. మన ఇళ్లలో అమ్మీ "ఏమీ లేదు బేటా, కాస్త పడుకుంటే పోతుంది" అంటే నమ్మేస్తాం.

రెండో కారణం నొప్పి సూది. మా వీధిలో ఒక టైలరు ఉన్నాడు. ఫజర్ నమాజుకు లేచినప్పుడు ఛాతీ పట్టేసింది. దగ్గర్లోని ఆర్‌ఎంపీ నడుముకు ఒక సూది, గ్యాస్‌కు ఒక సూది వేశాడు. నొప్పి తగ్గింది, నిద్రపట్టింది. అసర్ వేళకు ఆయాసంతో లేచాడు. అప్పుడు తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది కానీ గుండె కొట్టే బలం సగానికి పడిపోయింది. ఇప్పుడు మిషను తొక్కలేడు. ఆయన భార్య నాతో అన్న మాట: "నొప్పి తగ్గాక ఎవరు పోతారు మాస్టారూ ఆసుపత్రికి?" ఆమె మాటలో తప్పు పట్టడానికేముంది? ఆ సూది నొప్పిని తగ్గించింది, దారి మాత్రం తెరవలేదు.

ఆ సూదుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన పల్లెల్లో మామూలుగా వాడే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు గుండె రోగులకు పనికిరావు. అవి గుండెపోటు ముప్పును పెంచేవే. పైగా కండకు వేసిన ఏ సూదైనా, తర్వాత ఆసుపత్రిలో గడ్డ కరిగించే మందు ఇచ్చినప్పుడు, ఆ చోట లోపల రక్తం కారి వాచిపోయేలా చేయగలదు. అందుకే ఆసుపత్రిలో గుండెపోటు రోగికి మందులు నరానికే ఎక్కిస్తారు.

అలాగని నొప్పిని భరించమని ఏ డాక్టరూ చెప్పడు. నొప్పి, భయం గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతాయి. అసలే రక్తం అందని కండరానికి పని పెరుగుతుంది. కాబట్టి నొప్పి తగ్గించడం కూడా చికిత్సలో భాగమే. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ లాంటి మాత్ర నాళాలను సడలిస్తుంది. ఈ కుటుంబంలో పాతది నైట్రోగ్లిజరిన్. డైనమైట్‌లో పేలేది, ఛాతీ నొప్పికి వాడేది ఒకే పదార్థం. 1879లో విలియం మరెల్ అనే లండన్ డాక్టరు దీని సంగతి ప్రచురించాడు. డైనమైట్ కనిపెట్టిన నోబెల్‌కే చివరి రోజుల్లో డాక్టర్లు దీన్ని రాసిచ్చారు. ఈ మాత్రను కూర్చుని వేసుకోవాలి, బీపీ పడిపోయి తూలిపోవచ్చు. బీపీ తక్కువగా ఉన్నవారు, వయాగ్రా లాంటి మాత్ర వాడినవారు దీన్ని వేసుకోకూడదు. ఆ మాత్ర సంగతి డాక్టరుకు చెప్పడానికి మగవాళ్లు సిగ్గుపడతారు. అక్కడ సిగ్గు పనికిరాదు.

నైట్రేటుకు తగ్గని తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ఉంది. నల్లమందు నుంచి తీసేది కాబట్టి పేరు వినగానే కొందరు బెదురుతారు. రెండు మూడు మిల్లీగ్రాములు నరానికి నెమ్మదిగా ఎక్కించి, ఊపిరి ఎలా ఆడుతోందో చూస్తూ ఇస్తారు. అలా ఒకటి రెండు సార్లు ఇస్తే అలవాటు పడిపోయేదేమీ లేదు. అయితే నోటి ద్వారా వేసిన రక్తం పలచబరిచే మాత్రలు పనిచేయడాన్ని మార్ఫిన్ ఆలస్యం చేస్తుంది. అందుకే ఈ రోజుల్లో అందరికీ ఇవ్వకుండా, అవసరమైనవారికే ఇస్తున్నారు. ఆక్సిజన్ కూడా అంతే. రక్తంలో ఆక్సిజన్ 90 శాతానికి తగ్గకపోతే దానివల్ల లాభం లేదు. మాస్కు పెట్టలేదని ఆసుపత్రిలో గొడవ చేసే బంధువులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక అసలు పని, దారి తెరవడం. ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. మొదటి ఈసీజీ బాగున్నా నొప్పి ఉంటే మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాముల వరకు నమిలి మింగిస్తారు. ఈ చవకైన మాత్ర విలువ 1988లో తేలింది. 17,187 మంది మీద జరిగిన ఐసిస్-2 పరీక్షలో, ఆస్పిరిన్ గానీ గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ గానీ ఇవ్వనివారిలో ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా చనిపోయినవారు 13.2 శాతం. రెండూ ఇచ్చినవారిలో 8 శాతం. నూటికి ఐదు ప్రాణాలు, అందులో ఒక మందు రూపాయల్లో దొరికేది! ఇంట్లో నొప్పి వచ్చినప్పుడు 108కు ఫోన్ చేసి, ఆస్పిరిన్ పడదన్న అలర్జీ, కడుపులో రక్తస్రావం, పక్షవాతం లక్షణాలు లేకపోతే, వారు చెప్పిన మీదట నమలవచ్చు.

బెలూనుతో నాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీని 1977 సెప్టెంబరులో జ్యూరిచ్‌లో గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు మొదట చేశాడు. సమయానికి దొరికితే గుండెపోటుకు అన్నిటికన్నా మంచి చికిత్స ఇదే. సమయానికి అంటే, ఆ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే నేరుగా వస్తే 90 నిమిషాలు, మరో చోటి నుంచి పంపితే 120 నిమిషాలు. ఆదోని నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు. బండి దొరకడం, ఎక్కించడం, దించడం కలిపితే ఆ 120 నిమిషాలు దారిలోనే అయిపోతాయి. అలాంటి చోట, దగ్గరి ఆసుపత్రిలోనే అరగంటలో టెనెక్టెప్లేజ్ వంటి గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేయించుకుని, తర్వాత పెద్ద ఆసుపత్రికి పోవడమే సరైన దారి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి స్టెమి కార్యక్రమం కింద చిన్న ప్రభుత్వ ఆసుపత్రి నుంచి ఈసీజీని పెద్దాసుపత్రి నిపుణుడికి పంపి, ఆయన చెప్పగానే వేల రూపాయల ఈ ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇస్తున్నారు. "ఇక్కడేం చూస్తారు, నేరుగా సిటీకే పోదాం" అనే మాట మనవాళ్లలో బాగా ఉంది. ఆ మాటకు ఖరీదు గుండె కండరం. మెదడులో ఇదివరకు రక్తస్రావమైనవారికి, ఈమధ్య పెద్ద ఆపరేషన్ అయినవారికి మాత్రం ఈ ఇంజెక్షన్ వేయరు.

స్టెంట్ల ధర గురించి దాతలు నన్ను అడుగుతుంటారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంట్‌కు 29,600 రూపాయలు, మామూలు దానికి 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా పెట్టింది. అంతకు ముందు లక్ష దాటినవీ ఉండేవి. ఆ పరిమితి తర్వాత సవరణలతో మారుతూ వచ్చినా నియంత్రణ ఉంది కాబట్టి, ఆసుపత్రి ఎస్టిమేటు చేతికొచ్చినప్పుడు స్టెంట్ ధర విడిగా రాయమని అడగండి.

బైపాస్ అయినవారి దగ్గరకు పరామర్శకు పోయినప్పుడు "ఓర్చుకోండి చాచా" అంటాం. ఛాతీ ఎముక కోసి కలిపిన నొప్పి అది. ఆ నొప్పికి దగ్గలేకపోతే ఊపిరితిత్తుల్లో కఫం నిలిచి న్యుమోనియా వస్తుంది. సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని నర్సు అడిగేది అందుకే. నిజం చెప్పాలి. పారాసిటమాల్, అవసరమైతే కొన్ని రోజులు మార్ఫిన్ జాతి మందు ఇస్తారు. దగ్గేటప్పుడు దిండును గుండెకు అదుముకోమని చెబుతారు. ఇంటికొచ్చాక మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకోకూడదు.

తర్వాత మాత్రలు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర చాలామందికి జీవితాంతం. స్టెంట్ పడినవారికి క్లోపిడోగ్రెల్ లాంటి రెండో మాత్ర మామూలుగా ఏడాది. మధ్యలో ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టవచ్చు. రంజాన్‌లో చాలామంది ఆపేస్తారు. రోజుకు ఒకటి రెండు సార్లు వేసుకునే మందులను సహరీకి, ఇఫ్తార్‌కు సర్దవచ్చు. నెల ముందే డాక్టరును అడగాలి. ఈమధ్యే గుండెపోటు వచ్చినవారిని ఉపవాసం ఉండవద్దనే డాక్టర్లు చెబుతారు. రోగికి ఆ మినహాయింపు దీన్‌లోనే ఉందని ఇమాం సాబ్ ఒక్క జుమాలో చెబితే నా పాఠం కన్నా బాగా పనిచేస్తుంది.

మాత్రలు ఆపడానికి రంజాన్ కన్నా పెద్ద కారణం డబ్బు. మన సొసైటీ సహాయ దరఖాస్తులో ఆపరేషన్ ఎస్టిమేటు జతచేయమని ఉంది, ఆరోగ్యశ్రీ కార్డు ఉందా అని ఉంది. నెల మందుల ఖర్చు ఎంత అనే గడి లేదు. జన ఔషధి కేంద్రంలో ఆ మందులు బ్రాండు ధర కన్నా చాలా తక్కువకు వస్తాయి. ఒక బైపాస్‌కు మనం ఇచ్చే సాయంతో ఎందరికి ఏడాది మందులు వస్తాయో కోశాధికారి గారు లెక్క వేసి వచ్చే సర్వసభ్య సమావేశంలో పెట్టాలని నా ప్రతిపాదన. రాత్రి పూట 108 ఆలస్యమైతే అడగకుండా ఇచ్చే ఆటో కిరాయి కోసం ప్రతి మస్జిద్ కమిటీ దగ్గర రెండు వేలు ఉంచాలన్నది రెండోది. దరఖాస్తు ఫారంలో కొత్త గడిని నేనే గీసి ఆఫీసులో ఇచ్చాను.